బోర్డులో అంతా నార్మల్, ఇంట్లో గ్యాస్ వాసన: రిఫైనరీ గాలి లెక్క ఎక్కడ తేడా కొడుతోంది?

విశాఖలో మల్కాపురం, శ్రీహరిపురం, గాజువాక వైపు ఉండేవాళ్లకు ఈ గొడవ కొత్తేమీ కాదు. అర్ధరాత్రి వేళ ఘాటు వాసన కొడుతుంది. లేచి కిటికీలు మూసుకుంటారు. తెల్లారాక ఎవరో ఒకరు కంప్లయింట్ చేస్తారు. రిఫైనరీ నుంచి సాధారణంగా వచ్చే జవాబు, రీడింగులన్నీ లిమిట్స్‌లోనే ఉన్నాయని. దాంతో అబద్ధాలు చెబుతున్నారని జనం అంటారు, జనమే అతి చేస్తున్నారని రిఫైనరీవాళ్లు అనుకుంటారు.

చాలాసార్లు ఇద్దరూ నిజమే చెబుతుంటారన్నది నా అభిప్రాయం. మీటరు ఉన్నది చిమ్నీలో, వాసన వచ్చేది చాలావరకు చిమ్నీ నుంచి కాదు. గాలి బాగుందా లేదా అని చూసే అంకె రోజంతటి సగటు, వాసన ఉండేది అరగంట. ఈ రెండు తేడాలు అర్థమైతే రిఫైనరీ కాలుష్యం గురించి సగం తగువులు తేలిపోతాయి. మిగతా సగం నిజంగా తేల్చుకోవాల్సినవి.

విశాఖ రిఫైనరీ 1957లో మొదలైంది. అప్పుడు అది కాల్టెక్స్ కంపెనీది, ఏటా శుద్ధి చేసే క్రూడ్, అంటే ముడి చమురు, 6.75 లక్షల టన్నులు. 1976లో ప్రభుత్వం తీసుకుంది, 1978లో హెచ్‌పీసీఎల్‌లో కలిసింది. తర్వాత విస్తరణ మీద విస్తరణ జరిగి 83 లక్షల టన్నులకు చేరింది. దాన్ని 1.5 కోట్ల టన్నులకు పెంచే పెద్ద ఆధునికీకరణ ప్రాజెక్టు ఆ తర్వాత వచ్చింది. అంటే మొదలుపెట్టినప్పటితో పోలిస్తే ఇరవై రెట్లకు పైనే. ఈలోగా ఊరు పెరిగి ప్రహరీ గోడ దాకా వచ్చేసింది. ఇళ్లు ముందా, ఫ్యాక్టరీ ముందా అని వాదించుకోవడం వల్ల ఇప్పుడు ఒరిగేదేమీ లేదు.

ప్రమాదాలు అందరికీ గుర్తుంటాయి. 1997 సెప్టెంబరు 14న ఎల్‌పీజీ లీకై పేలిన ఘటనలో దాదాపు 60 మంది చనిపోయారు. 2013 ఆగస్టులో కూలింగ్ టవర్ దగ్గర పేలుడు జరిగి 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. 2021 మేలో ఒక క్రూడ్ యూనిట్‌లో మంటలు లేచాయి, అదృష్టవశాత్తూ ఎవరికీ ఏమీ కాలేదు. అవి జరిగిన రోజు టీవీలన్నీ అక్కడే ఉంటాయి. ఏ ప్రమాదమూ లేని మామూలు మంగళవారం నాడు గాలిలో కలిసేదాని గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. ఈ వ్యాసం ఆ మంగళవారం గురించే.

విశాఖ భూగోళం కూడా కలిసిరాదు. ఒకవైపు యారాడ కొండలు, డాల్ఫిన్స్ నోస్, మరోవైపు సింహాచలం, కైలాసగిరి వరుస. మధ్యలో పోర్టు, పరిశ్రమలు, పాత ఊరు. అధికారుల కాగితాల్లోనూ దీన్ని ‘బౌల్ ఏరియా’ అనే రాస్తారు. శీతాకాలం రాత్రుళ్లు నేల త్వరగా చల్లబడి, దాని మీద గాలి పొర కదలకుండా పరుచుకుంటుంది. పైన వెచ్చటి పొర మూతలా ఉంటుంది. పగలు పైకి వెళ్లి చెదిరిపోయే గ్యాసు ఆ వేళల్లో నేల దగ్గరే తిరుగుతుంది. ఫిర్యాదుల్లో రాత్రుళ్లు, తెల్లవారుజాములు ఎక్కువ ఉండటానికి ఇదొక కారణం. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి, అంటే సీపీసీబీ, దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేసినప్పుడు విశాఖకు 70.82 వచ్చాయి. 70 దాటితే తీవ్ర కాలుష్య ప్రాంతం. 2010 జనవరిలో అలాంటి 43 చోట్ల కొత్త ప్రాజెక్టుల మీద మారటోరియం పెట్టారు. తర్వాత ఎత్తేశారు. కొండలు మాత్రం అక్కడే ఉన్నాయి.

చిమ్నీ కథ

రిఫైనరీలో చిమ్నీలు చాలా ఉంటాయి. క్రూడ్‌ని వేడిచేసే ఫర్నేసులకు ఒక్కోటి. బరువైన నూనెను పెట్రోల్‌గా విరగ్గొట్టే క్యాట్ క్రాకర్‌కి ఒకటి: అక్కడ ఇసుకలాంటి ఉత్ప్రేరకం మీద పేరుకున్న బొగ్గును కాల్చేస్తారు, ఆ పొగలో సన్నటి ధూళి, సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు ఉంటాయి. వీటన్నిటికీ 2008 మార్చిలో కేంద్రం ప్రత్యేక ప్రమాణాలు ప్రకటించింది. ఫర్నేసులో గ్యాసు కాలిస్తే ఒక ఘనపు మీటరు పొగలో సల్ఫర్ డయాక్సైడ్ 50 మిల్లీగ్రాములు దాటకూడదు. ఫర్నేస్ ఆయిల్ కాలిస్తే పాత యూనిట్లకు 1,700, కొత్తవాటికి 850 దాకా ఒప్పుకున్నారు. ఏం కాలుస్తున్నారన్నది ఎంత ముఖ్యమో ఈ తేడాయే చెబుతుంది. 2014 నుంచి ఈ చిమ్నీల రీడింగులు ఆన్‌లైన్‌లో నేరుగా కాలుష్య నియంత్రణ మండళ్లకు వెళ్లే ఏర్పాటు కూడా చేయించారు. గేటు దగ్గర డిజిటల్ బోర్డులు ఆ తరహావే.

ఈ భాగంలో పరిస్థితి నిజంగానే మెరుగైంది. దాన్ని కాదనడం అన్యాయం.

కానీ సల్ఫర్ విషయంలో చాలామంది గమనించని మెలిక ఒకటుంది. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్-6 ఇంధనం వచ్చింది. పెట్రోల్, డీజిల్‌లో సల్ఫర్ 50 పీపీఎం, అంటే పది లక్షల్లో 50 పాళ్లు, నుంచి 10 పీపీఎంకి తగ్గింది. హైదరాబాద్ రోడ్ల మీద బస్సు పొగలో సల్ఫర్ తగ్గిందంటే, ఆ సల్ఫర్ మాయమైపోయిందని కాదు, రిఫైనరీలోనే ఆగిపోయిందని. అక్కడ అది హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువుగా విడిపోతుంది. దాన్ని సల్ఫర్ రికవరీ యూనిట్‌లో, ఎస్ఆర్‌యూ అంటారు, పసుపు రంగు ఘన సల్ఫర్‌గా మార్చి ఎరువుల కంపెనీల్లాంటి చోట్లకు అమ్ముతారు. కాబట్టి దేశం మొత్తానికి శుభ్రమైన ఇంధనం దొరకడం అనేది ఈ ఒక్క యూనిట్ సరిగ్గా పనిచేయడం మీద ఆధారపడి ఉంది.

ఒక ఉజ్జాయింపు లెక్క వేద్దాం. ఇది ఏ కంపెనీ రికార్డూ కాదు, విషయం అర్థం కావడానికి మాత్రమే. ఏటా 1.5 కోట్ల టన్నుల క్రూడ్ అంటే రోజుకు దాదాపు 41,000 టన్నులు. అందులో ఒకటిన్నర శాతం సల్ఫర్ ఉందనుకుంటే రోజుకు 600 టన్నుల పైమాట. సగమే ఎస్ఆర్‌యూకి వెళ్లిందనుకున్నా 300 టన్నులు. కొత్త ఎస్ఆర్‌యూలు 99.5 శాతం పట్టుకోవాలని నిబంధన. మిగిలిన అర శాతం, అంటే ఒకటిన్నర టన్నుల సల్ఫర్, కాలితే 3 టన్నుల సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది. ఇది అంతా సవ్యంగా ఉన్న రోజు.

యూనిట్ ట్రిప్ అయింది, అంటే ఉన్నట్టుండి ఆగిపోయింది అనుకోండి. గంటకు పన్నెండున్నర టన్నుల సల్ఫర్ ఎక్కడికి వెళ్లాలి? మొత్తాన్నీ ఫ్లేర్‌లో, అంటే ఎత్తైన గొట్టం కొసన మండే మంటలో, కాలిస్తే ఒక్క గంటలో 25 టన్నుల సల్ఫర్ డయాక్సైడ్. మామూలు రోజులు ఎనిమిదింటిలో వచ్చేది ఒక్క గంటలో వచ్చేస్తుంది. నిజానికి స్టాండ్‌బై యూనిట్లు ఉంటాయి, ఆపరేటర్లు వెంటనే లోపలికి పంపే సరుకు (ఫీడ్) తగ్గిస్తారు, కాబట్టి మొత్తం వెళ్లనివ్వరు. అయినా ఏడాది మొత్తం ఎంత వదిలారన్న లెక్క కంటే ఏడాదిలో ఎన్నిసార్లు ట్రిప్ అయింది, ఎంతసేపు అన్న లెక్క ముఖ్యమని నేను అనేది ఇందుకే. పత్రికల్లో మనకు మొదటి అంకెలే కనిపిస్తాయి.

ఇక ఫ్లేర్. దూరం నుంచి రాత్రిపూట కనిపించే ఆ మంట చూసి చాలామంది భయపడతారు. అది సేఫ్టీ పరికరం. ఏ యూనిట్‌లోనైనా ప్రెషర్ పెరిగితే గ్యాసును అక్కడికి పంపి కాల్చేస్తారు, కాల్చకుండా వదిలితే పేలుడు ప్రమాదం. మంట కొస దగ్గర స్టీమ్ కొడతారు, గాలి బాగా కలిసి పొగ రాకుండా కాలడానికి. స్టీమ్ తక్కువైతే నల్లటి పొగ. మరీ ఎక్కువైతే మంట చల్లబడి కొంత గ్యాసు కాలకుండానే బయటికి పోతుంది, పైగా అప్పుడు పొగ కనిపించదు. పొగ లేకపోతే అంతా బాగున్నట్టే అనుకోవడానికి వీల్లేదన్నమాట. షట్‌డౌన్ చేసేటప్పుడు, మళ్లీ స్టార్టప్ చేసేటప్పుడు ఫ్లేర్ పెద్దగా మండుతుంది. అది పైనుంచి హోరుమంటుంటే చుట్టుపక్కల ఇళ్లలో టెన్షన్ ఉంటుంది, ఉండాల్సిందే.

చిమ్నీ లేని పొగ

అసలు కథ ఇక్కడుంది. రిఫైనరీలో ట్యాంకులు, పైపులు, పంపులు, వాల్వులు కోకొల్లలు. ఒక పెద్ద రిఫైనరీలో వాల్వులు, పైపుల్ని బోల్టులతో కలిపే ఫ్లాంజ్ జాయింట్లు లెక్కపెడితే వేలు దాటి లక్షల్లోకి పోతాయి. వీటి సందుల్లోంచి కారే ఆవిరుల్ని వీఓసీలు అంటారు: పెట్రోల్ ఆవిరి, బెంజీన్, టొలీన్ లాంటివి. వీటికి చిమ్నీ లేదు కాబట్టి మీటరు లేదు. నేలకు దగ్గరగా వస్తాయి కాబట్టి ఎత్తైన చిమ్నీ పొగలాగా దూరంగా పోయి పలచబడవు, గోడ పక్కనున్న వీధిలోకే వస్తాయి.

ట్యాంకునే తీసుకుందాం. పైకప్పు కదలని ట్యాంకులో పగటి ఎండకు ఆవిరి వ్యాకోచించి వెంట్ లోంచి బయటికి వస్తుంది, రాత్రి చల్లబడ్డాక బయటి గాలి లోపలికి పోతుంది. రోజూ ఇదే తంతు. నూనె నింపుతున్నప్పుడైతే లోపలున్న ఆవిరి మొత్తాన్నీ అది బయటికి నెట్టేస్తుంది. అందుకని క్రూడ్, పెట్రోల్ లాంటివాటికి ఫ్లోటింగ్ రూఫ్ పెడతారు. కప్పు నూనె మీదే తేలుతూ, నూనెతో పాటు పైకీ కిందికీ కదులుతుంది, ఆవిరికి చోటుండదు. కానీ కప్పుకీ ట్యాంకు గోడకీ మధ్య సందు ఉంటుంది, దాన్ని మూసేది రబ్బరు సీలు. ఆ సీలు ఎండకు, ఉప్పుగాలికి పాడవుతుంది. చిరిగిన సీలు కింద నుంచి చూసేవాడికి కనిపించదు. ట్యాంకు ఎక్కి, రిమ్ చుట్టూ తిరిగి చూడాలి.

వాల్వుల సంగతీ అంతే. ఇంట్లో గ్యాస్ సిలిండర్ మార్చాక సబ్బు నురుగు రాసి బుడగలు వస్తున్నాయేమో చూస్తాం కదా, రిఫైనరీలో అదే పనిని డిటెక్టరు పట్టుకుని జాయింటు తర్వాత జాయింటు చేస్తారు. దీని పేరు ఎల్‌డీఏఆర్, లీకు పట్టుకుని బాగుచేసే కార్యక్రమం. 2008 నిబంధనల ప్రకారం డిటెక్టరులో హైడ్రోకార్బన్ 5,000 పీపీఎం దాటితే, బెంజీన్ అయితే 2,000 పీపీఎం దాటితే దాన్ని లీకుగా లెక్కగట్టి బాగుచేయాలి. పద్ధతి మంచిదే. చేసినవాడు ఎంత ఓపికగా చేశాడన్నదాని మీద అంతా ఉంటుంది. మధ్యాహ్నం ఎండలో వెయ్యో ఫ్లాంజ్ దగ్గర కాంట్రాక్టు కుర్రాడు ప్రోబ్‌ని నిజంగా ఆనించాడా, దూరం నుంచి చూసి నంబరు వేశాడా అనేది రికార్డులో కనపడదు. కంపెనీలు ఏటా చెప్పే వీఓసీ టన్నుల్లో ఎక్కువ భాగం కొలిచినవి కావు, ఫార్ములాలతో వేసినవి. కెనడా, స్వీడన్ లాంటి చోట్ల లేజర్ పరికరాలతో నేరుగా గాలిని కొలిచినప్పుడు, ఫార్ములాలు చెప్పినదానికి చాలా రెట్లు ఎక్కువ వచ్చిన సందర్భాలున్నాయి.

ఇవి కాక నూనె కలిసిన మురుగునీటిని శుద్ధి చేసే ఈటీపీ తొట్లు, ట్యాంకర్లకూ ఓడలకూ లోడింగ్ చేసే చోట్లు. కుళ్లిన గుడ్ల వాసన వస్తే హైడ్రోజన్ సల్ఫైడ్, గ్యాస్ సిలిండర్ లీకు లాంటి వాసనైతే మెర్కాప్టన్లు, అగ్గిపుల్ల గీసినప్పటి ఘాటైతే సల్ఫర్ డయాక్సైడ్, బంకులో వచ్చే తియ్యటి వాసనైతే పెట్రోల్ ఆవిరులు. ముక్కు మంచి పరికరమే. హైడ్రోజన్ సల్ఫైడ్‌ని అది వంద కోట్లలో కొన్ని పాళ్లున్నా పట్టేస్తుంది. చిక్కేంటంటే, అదే వాయువు ప్రాణాంతక స్థాయికి చేరితే వాసన తెలిసే శక్తినే చంపేస్తుంది. కాబట్టి ఘాటుగా వచ్చిన వాసన ఉన్నట్టుండి పోతే హమ్మయ్య అనుకోకూడదు.

ముంబైలోని మాహుల్ ఉదంతం ఇదే విషయాన్ని కోర్టుల దాకా తీసుకెళ్లింది. చెంబూరు పక్కనున్న ఆ ప్రాంతంలో బీపీసీఎల్, హెచ్‌పీసీఎల్ రిఫైనరీలు, ప్రైవేటు రసాయన ట్యాంకులు ఒకేచోట గుంపుగా ఉన్నాయి. నగరంలో వేరే చోట్ల ఇళ్లు కూల్చిన పేద కుటుంబాలను తీసుకొచ్చి వాటి ఎదురుగా అపార్టుమెంట్లలో పెట్టారు. ఊపిరాడటం లేదని, ఒళ్లు దద్దుర్లని వాళ్లు మొత్తుకున్నారు. చివరికి 2020 ఆగస్టులో జాతీయ హరిత ట్రిబ్యునల్ నాలుగు కంపెనీలకు కలిపి సుమారు 286 కోట్ల రూపాయల పర్యావరణ పరిహారం విధించింది. అందులో అతి పెద్ద మొత్తం, 142 కోట్లు, పడింది రిఫైనరీ మీద కాదు, ట్యాంకుల్లో ద్రవాలు నిల్వచేసే ఒక లాజిస్టిక్స్ కంపెనీ మీద. గొడవంతా లోడింగ్, అన్‌లోడింగ్, నిల్వలో బయటపడే వీఓసీల గురించి. ఎవరూ ఏ చిమ్నీనీ ప్రధాన దోషిగా నిలబెట్టలేదు.

సగటు చేసే మాయ

రెండో తేడాకి వద్దాం. మన దేశ గాలి ప్రమాణాల్లో సల్ఫర్ డయాక్సైడ్‌కి రెండే పరిమితులున్నాయి: ఘనపు మీటరు గాలిలో 24 గంటల సగటు 80 మైక్రోగ్రాములు, ఏడాది సగటు 50. ఒక రోజు రెండు గంటలపాటు 500 ఉండి, మిగతా ఇరవై రెండు గంటలూ 20 ఉందనుకోండి. సగటు 60. లిమిట్స్‌లోనే. కానీ ఆస్తమా ఉన్నవాళ్లకు సల్ఫర్ డయాక్సైడ్ నిమిషాల్లో ఊపిరితిత్తుల గొట్టాలను బిగించేస్తుంది. అందుకనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 24 గంటల సగటును 40 దగ్గర పెట్టడంతో పాటు, 10 నిమిషాల సగటు 500 దాటకూడదని విడిగా చెబుతోంది. మనకు అలాంటి పది నిమిషాల గీత లేదు. ఆ రెండు గంటల్లో ఇన్‌హేలర్ వెతుక్కున్న పిల్లాడి విషయంలో చట్టం ప్రకారం ఏ ఉల్లంఘనా జరగలేదు.

ఫోన్లో చూసుకునే ఏక్యూఐ, అంటే గాలి నాణ్యత సూచీ, ఇంకా మోసం చేస్తుంది, కావాలని కాకపోయినా. అది ఎనిమిది కాలుష్య కారకాల మీద లెక్కగట్టేది. వాటిలో బెంజీన్ లేదు, హైడ్రోజన్ సల్ఫైడ్ లేదు. దేశ ప్రమాణాల జాబితాలో బెంజీన్ ఉంది, ఏడాది సగటు 5 మైక్రోగ్రాములు దాటకూడదు. కానీ ఏక్యూఐ అంకెలోకి అది ఎక్కదు. హైడ్రోజన్ సల్ఫైడ్ అయితే రెండింటిలోనూ లేదు. పైగా చాలా ఏళ్లపాటు సీపీసీబీ పోర్టల్‌లో విశాఖ పేరిట కనిపించింది ఒక్క ఆటోమేటిక్ స్టేషనే. ఒక చోట ఉన్న యంత్రం మల్కాపురం వీధిలో అర్ధరాత్రి వాసన గురించి ఏం చెప్పగలదు?

అలాగని ఊళ్లోని ప్రతి మసీ రిఫైనరీదే అనడం కూడా తప్పు. పాత ఊరి డాబాల మీద పేరుకునే నల్లదుమ్ములో పోర్టు బొగ్గుకి పెద్ద వాటా ఉంది. పీఎం10 అనే సన్నటి ధూళిలో రోడ్డు దుమ్ము, లారీలు, నిర్మాణాలు. బెంజీన్ వాహనాల నుంచి, పెట్రోల్ బంకుల నుంచి కూడా వస్తుంది. సల్ఫర్ డయాక్సైడ్ మరోలా చిక్కు పెడుతుంది: గాలిలో అమ్మోనియాతో కలిసి, కొన్ని గంటల తర్వాత, కొన్ని కిలోమీటర్ల అవతల పీఎం2.5 అనే ఇంకా సన్నటి ధూళిగా మారుతుంది. అప్పుడు అది ఎవరి ఖాతాలో వేయాలి? ఇలాంటి చోట్ల సందేహం ఎప్పుడూ పరిశ్రమకు లాభమే చేస్తుంది.

గోడ దగ్గర కొలిస్తే

ఈ చిక్కుకు అమెరికా కనిపెట్టిన ఉపాయం చవకైనది, అందుకే నాకు నచ్చింది. 2015లో వాళ్ల పర్యావరణ సంస్థ ఒక నిబంధన తెచ్చింది, 2018 జనవరి నుంచి ప్రతి రిఫైనరీ తన ప్రహరీ చుట్టూ చిన్న చిన్న ట్యూబులు పెట్టాలని. కరెంటు అక్కర్లేదు, పంపు అక్కర్లేదు. లోపలున్న పదార్థం రెండు వారాలపాటు గాలిలోని బెంజీన్‌ని పీల్చుకుంటుంది. తీసి ల్యాబ్‌కి పంపుతారు, కొత్తవి పెడతారు. అన్నిటికంటే ఎక్కువ చూపిన ట్యూబు అంకెలోంచి అన్నిటికంటే తక్కువ చూపినదాని అంకెను తీసేస్తారు. బయట నుంచి వచ్చిన బెంజీన్, అంటే హైవే, బంకులు వగైరా, అన్ని వైపులా ఉంటుంది కాబట్టి ఆ తీసివేతలో చాలావరకు పోతుంది. మిగిలింది రిఫైనరీ వాటా. ఏడాది సగటున ఆ తేడా 9 మైక్రోగ్రాములు దాటితే కారణం వెతికి సరిచేయాలి. దాటినంత మాత్రాన జరిమానా పడదు. ఫలితాలు మాత్రం అందరూ చూసేలా వెబ్‌లో ఉంటాయి. 2019 సెప్టెంబరుతో ముగిసిన ఏడాదిలో పది రిఫైనరీలు ఆ గీత దాటినట్టు బయటపడింది. వాటిలో అందరికంటే పైనున్నది ఫిలడెల్ఫియాలోది. 2019 జూన్‌లో పెద్ద పేలుడు తర్వాత అది మూతపడింది.

వాదన ఎంత మారిపోయిందో చూడండి. లీకు ఎక్కడుందో జనం నిరూపించనక్కర్లేదు. గోడ దాటి ఇంత వస్తోంది, ఎక్కడి నుంచో మీరే వెతకండి అంటే సరిపోతుంది.

విశాఖ రిఫైనరీ ప్రభుత్వ రంగ సంస్థ కాబట్టి సమాచార హక్కు చట్టం దానికి నేరుగా వర్తిస్తుంది. అడగాల్సింది ‘కాలుష్యం ఎంత’ అని కాదు, దానికి సగటులతో జవాబు వస్తుంది. గత ఏడాది ఎస్ఆర్‌యూ ఎన్నిసార్లు ఆగింది, ప్రతిసారీ ఎన్ని గంటలు? ఫ్లేర్‌కి నెలవారీగా ఎన్ని టన్నులు వెళ్లాయి? ఎల్‌డీఏఆర్‌లో ఎన్ని పాయింట్లు చూశారు, ఎన్ని లీకులు దొరికాయి, ఎన్ని రోజుల్లో బాగుచేశారు? ట్యాంకు సీళ్లను చివరిసారి ఎప్పుడు తనిఖీ చేశారు? పర్యావరణ అనుమతి తీసుకున్న ప్రాజెక్టులు ఆరు నెలలకోసారి ఇచ్చే నివేదికలు కూడా బహిరంగ పత్రాలే. ఫిర్యాదు చేసేవాళ్లు వాసన వచ్చిన టైము, ఎంతసేపు ఉంది, గాలి ఎటు నుంచి వీస్తోంది, ఏ రకం వాసన అన్నవి రాసి పెట్టుకుంటే, ఆ తేదీని ట్రిప్ రికార్డు పక్కన పెట్టి చూడొచ్చు. ‘చాలా వాసన వచ్చింది’ అనే ఫిర్యాదుతో మండలి ఇంజనీరు కూడా చేయగలిగింది తక్కువ.

ఇది విశాఖతో ఆగే వ్యవహారం కాదు. రామాయపట్నం తీరంలో ఏటా 90 లక్షల నుంచి 1.2 కోట్ల టన్నుల సామర్థ్యంతో బీపీసీఎల్ రిఫైనరీ, పెట్రోకెమికల్ కాంప్లెక్స్ ప్రతిపాదన ఉంది. లక్ష కోట్ల రూపాయల స్థాయి పెట్టుబడి అంటున్నారు. ఉద్యోగాల లెక్కలు, భూముల ధరల లెక్కలు ఇప్పటికే నడుస్తున్నాయి. అంత ఖర్చులో గోడ చుట్టూ ట్యూబులు పెట్టడం ఒక మూలకు రాదు. కాకపోతే యూనిట్ మొదలు కాకముందే పెట్టాలి. అక్కడి ఊళ్లలో ఇవాళ గాలిలో బెంజీన్ ఎంతో, హైడ్రోజన్ సల్ఫైడ్ ఎంతో నాలుగు కాలాల్లోనూ కొలిచి రాసిపెట్టకపోతే, పదేళ్ల తర్వాత ‘ఇది ముందు నుంచీ ఇంతే’ అని ఎవరైనా అంటే కాదనడానికి చేతిలో కాగితం ఉండదు. ప్రజాభిప్రాయ సేకరణలో మైకు అందినవాళ్లు అడగాల్సిన ప్రశ్న అదొక్కటే కాదు గానీ, మొదట అడగాల్సింది అదే: కంచె వెంట ఎన్ని చోట్ల కొలుస్తారు, ఎప్పటి నుంచి, ఆ ఫలితాలు ఊరివాళ్లకు ఎన్ని రోజుల్లో చూపిస్తారు?